14 ఏళ్లు కూర్చున్న సీటు లాగేసుకుంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి రాశారు, మిచిగన్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు, జనం ఊగిపోతారు అని, అదంతా నిజమేనండీ కానీ అక్కడ ఎవర్ని ఎక్కడ కూర్చోబెడతారో ఆ సంగతి రాయలేదు.

నేను టెక్సస్‌లో ఎమ్మెస్ చేసి ఇక్కడే ఉండిపోయా. యూనివర్సిటీ పేరు వద్దులెండి. 14 ఏళ్లుగా మా యూనివర్సిటీ ఫుట్‌బాల్‌కి రెండు సీజన్ టికెట్లు (సీజన్లో అక్కడి మ్యాచ్‌లన్నిటికీ ఒకే సీటన్నమాట) కొంటున్నా, గ్రౌండ్‌కి దాదాపు మధ్యలో, టీమ్ చిత్తుగా ఓడిపోయి సగం స్టేడియం ఖాళీగా ఉన్న ఏడాది కూడా మానలేదు. పోయినేడు రీసీటింగ్ అన్నారు, అంటే ప్రయారిటీ పాయింట్లు లెక్కేసి అందరికీ మళ్ళీ సీట్లు పంచడమన్నమాట. ఎన్నేళ్ల నుంచి కొంటున్నామో దానికీ పాయింట్లున్నాయి, అక్కడ చదివినందుకు కొన్ని, కానీ యూనివర్సిటీ వాళ్ల ఆటల ఫండ్‌కి ఇచ్చే డొనేషన్ ముందు అవన్నీ చిల్లరే. నిన్నగాక మొన్నొచ్చి పెద్ద చెక్కు రాసినాయన నా సీట్లో కూర్చున్నాడు, నేను పై అంతస్తులో మూలకి పోయా. అక్కణ్ణుంచి జెర్సీ నంబర్లు కూడా కనపడవు, స్క్రీన్ చూసుకోవాల్సిందే, ఆ మాత్రానికి ఇంట్లో టీవీ లేదా!

తిరుమలలో శ్రీవాణికి 10 వేలు కడితే బ్రేక్ దర్శనం లేదా అన్నాడు మా బావమరిది. ఉంది, దానివల్ల మామూలు క్యూ ఆగుతుంది కూడా, కానీ ముందున్నోణ్ణి పట్టుకుని లైన్ చివరికి పంపరు కదా.

డబ్బు అక్కర్లేదని నేనట్లేదు. ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో కోర్టు సెటిల్మెంట్ అయ్యాక కాలేజీలు వాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికే ఒక్కో కాలేజీ 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నారు, అది ఎక్కణ్ణుంచో రావాలి. అయితే టికెట్ రేటు పెంచామని చెప్పండి, డొనేషన్ అనడమెందుకు? 2017 దాకా ఇలాంటి డొనేషన్లో 80 శాతానికి టాక్స్ మినహాయింపు ఉండేది, సీటు కోసం ఇచ్చేది దానమేంటని 2018 నుంచి అదీ తీసేశారు, వీళ్ల ఉత్తరాల్లో మాత్రం ఇంకా గిఫ్టే.

నా మాటల్లా ఒక్కటే, ఏటా రెన్యూ చేసుకునేవాడి సీటు కదపకండి, ఎవరైనా మానేస్తే ఆ ఖాళీకి మీ డబ్బు పాయింట్లు పెట్టుకోండి. ఇదే రాసి యూనివర్సిటీకి రెండు మెయిల్స్ పెట్టా, మీ అభిమానానికి థాంక్స్ అని జవాబొచ్చింది, దానికిందే డొనేట్ బటన్.

ఈ ఏడు రెన్యువల్ ఇంకా కట్టలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, డాలస్