సాగు లేని చేనికి పంట రుణం, సాగు చేసే కౌలుదారుకు మొండిచెయ్యి

బ్రాంచి మేనేజర్ గారికి,
నకలు: ప్రాంతీయ కార్యాలయం, ఫిర్యాదుల విభాగం

విషయం: కౌలు భూమికి పంట రుణం నిరాకరించడంపై ఫిర్యాదు

అయ్యా,

అనంతపురం జిల్లాలో ఐదెకరాల మెట్ట భూమిని కౌలుకు చేస్తున్నాను. ఈ ఖరీఫ్‌లో వేరుశనగ వేయడానికి 1,50,000 రూపాయల పంట రుణం కోరుతూ మే నెలలో మీ శాఖలో దరఖాస్తు ఇచ్చాను. భూయజమాని సంతకంతో ఉన్న సాగుదారు హక్కు పత్రం (కౌలుదారుగా సర్కారు ఇచ్చే కార్డు), ఆధార్, ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో సర్కారు రాసుకునే ఈ-పంట నమోదు గత ఏడాది నకలు అన్నీ జతపరిచాను. జులై మూడో వారంలో కాగితాలు తిరిగి చేతికి వచ్చాయి. పైన పెన్సిల్‌తో ‘ఈ సర్వే నంబర్ల మీద అప్పు ఉంది’ అని రాసి ఉంది. కింద సంతకం లేదు, తేదీ లేదు. ఆ పెన్సిల్ రాతే మీ జవాబు అనుకోవాలి కాబోలు.

అప్పు ఉన్న మాట నిజమే. యజమాని పట్టాదారు పాసుపుస్తకం మీద మీరే ఇచ్చారు. ఆయన బెంగళూరులో స్థిరపడ్డారు. ఏటా ఒకసారి వచ్చి, పాత బాకీ కట్టినట్టూ కొత్తది తీసుకున్నట్టూ సంతకాలు పెట్టి రెన్యువల్ చేయించుకుని వెళతారు. ఆయనను నేను తప్పుపట్టను. గడువులోగా కడితే 3 లక్షల దాకా 4 శాతం వడ్డీకే దొరికే డబ్బును ఎవరు వదులుకుంటారు? పైగా హక్కు పత్రం మీద సంతకం పెట్టిన మంచి మనిషి. చాలామంది యజమానులు ఆ సంతకానికే జంకుతారు. నా ఫిర్యాదు, పంట ఎవరు పెడుతున్నారో చూడకుండా పంట రుణం ఇచ్చే మీ పద్ధతి మీద.

నా చేనికి తూర్పున ఏడెకరాల పొలం ఉంది. నిరుడు దాకా దాన్ని ఒక కౌలు రైతు చేసేవాడు. అతనికీ మీ శాఖలో ఇదే జవాబు వచ్చింది. ఎరువుల దుకాణంలో విత్తనం, మందులు అప్పు తెచ్చుకున్నాడు. పంట ఆ దుకాణానికే అమ్మాలన్నది షరతు, ధర వాళ్లు చెప్పిందే. వేరుశనగ ఊడలు నేలలోకి దిగే వేళ వాన మొహం చాటేసింది. బాకీ తీరక, భార్యాబిడ్డలతో బెంగళూరుకు కట్టడం పనులకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ చేను చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇప్పుడు గట్ల వెంట సర్కారు తుమ్మ నడుము ఎత్తు పెరిగింది. దానిలో అడవి పందులు చేరి రాత్రిపూట నా చేను తవ్విపోస్తున్నాయి. అప్పు దొరక్క ఆ పొలం బీడు పడింది. బీడు పడినా దాని యజమాని పేరున వేరుశనగ రుణం మాత్రం ఈ ఏడూ రెన్యువల్ అయిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. కాదంటే మీ రికార్డు తీసి చూపండి.

ఈ సంగతి ఎత్తితే, వానలు లేక బీడు పడుతున్నాయి గాని అప్పు లేక కాదని మీ ఫీల్డ్ ఆఫీసర్ గారు అన్నారు. ఈ జిల్లాలో ఏటా సగటున కురిసేది ఐదారు వందల మిల్లీమీటర్లేనని మాకూ తెలుసు. కానీ గట్టుకు ఇవతల కురిసిన వానే అవతలా కురుస్తుంది. సొంత పాసుపుస్తకం ఉన్నవాళ్లు ఒక పంట పోయినా మరుసటి ఏడు మళ్లీ విత్తుతున్నారు. మీ రుణం వాళ్లను ఆ ఒక్క ఏడాది గట్టెక్కిస్తోంది. మాకు ఆ ఊత లేదు కాబట్టి ఒక్క పంట పోతే ఊరు వదలాల్సి వస్తోంది.

నిబంధనలు మీకు తెలియనివి కావు. పంట రుణాలిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డుకు కౌలుదారులు, నోటిమాట కౌలు చేసేవారు కూడా అర్హులే. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. నేను అడిగింది అంతకన్నా తక్కువే, పంట హామీ మీదే. భూమిని తనఖా పెట్టమని నేను అడగనప్పుడు దాని మీద వేరొకరి బాకీ ఉంటే నాకేమిటి అడ్డు? ఒకే పంటకు రెండు అప్పులు ఇవ్వలేమంటారా, అయితే ఆ పంట ఎవరు వేశారో ఈ-పంట నమోదులో చూసి, వేయనివారి రుణాన్ని సవరించండి. విత్తిన నేను తప్పుకోవడం దానికి పరిష్కారం కాదు.

మీ జవాబు కోసం చూసి చూసి, నూటికి మూడు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి, బయట అప్పు తెచ్చి రెండున్నర ఎకరాల్లో మాత్రమే వేరుశనగ వేశాను. మిగతా సగానికి అదను దాటిపోయింది. ఈ నెలలో పదును దొరికితే ఉలవలు చల్లాలి, లేదంటే అదీ బీడే.

అందుచేత నా దరఖాస్తును తిరిగి పరిశీలించి, ఆ సగానికైనా రుణం మంజూరు చేయండి. కుదరదంటే ఏ నిబంధన కింద కుదరదో సంతకం, తేదీతో రాతపూర్వకంగా ఇవ్వండి. మా గ్రామంలో మీరు రెన్యువల్ చేసిన పంట రుణాలను ఈ-పంట నమోదుతో సరిపోల్చి, బీడు భూముల మీద ఎంత రుణం ఉందో ప్రాంతీయ కార్యాలయానికి నివేదించండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
కౌలు రైతు

జతపరిచినవి: తిరిగి వచ్చిన దరఖాస్తు నకలు, సాగుదారు హక్కు పత్రం నకలు, ఈ-పంట నమోదు నకలు, తూర్పు పొలం ఫోటోలు