స్టైపెండ్‌లో సగం మీరే ఇస్తున్నారు, ఏం నేర్చుకున్నామో అడగరా?

కేంద్ర నైపుణ్యాభివృద్ధి, వ్యవస్థాపకత శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మెకానికల్‌లో బీటెక్ చేసి, సంగారెడ్డి జిల్లాలో యంత్రభాగాలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా ఉన్నాను. ఏడాది ఒప్పందం చివరికొచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే సర్టిఫికెట్ ఆపుతారేమోనన్న భయం కొంత. వేరే కంపెనీల్లో చేరిన నా క్లాస్‌మేట్లు కూడా దాదాపు ఇదే చెబుతున్నారు కాబట్టి, పేరుతో పెద్దగా పనీ లేదు.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. అప్రెంటిస్ అనగానే అందరూ మాట్లాడేది దాని గురించే. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలు, డిప్లొమా వాళ్ళకు 8,000. దీన్ని సుమారు 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. ఆ సిఫారసు ప్రకారం గ్రాడ్యుయేట్‌కు 12,300 అవుతుంది. ఇస్నాపూర్‌లో నలుగురం పంచుకునే గది అద్దె, మెస్ బిల్లు, ఇంటికి పంపుదామనుకుని పంపలేకపోవడం, ఇవన్నీ మీకు ఇప్పటికే చాలామంది రాసి ఉంటారు. పెంచితే సంతోషమే. నా బాధ ఇంకొకటి.

మాది నాట్స్, అంటే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం. ఇందులో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. నేను పని నేర్చుకుంటున్నానన్న నమ్మకంతో ప్రజల సొమ్ము ఖర్చవుతోందన్నమాట. ఈ ఏడాదిలో నన్ను ఆధార్ అడిగారు, బ్యాంకు ఖాతా అడిగారు, హాజరు అడిగారు. ఏం నేర్చుకున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మూడు నెలలకోసారి శిక్షణ రికార్డు ఇవ్వాలి. మా దగ్గర అదెలా తయారవుతుందో చెబుతాను. హెచ్‌ఆర్ నుంచి వాట్సాప్‌లో ఒక నమూనా వస్తుంది. పేరు, రోల్ నంబర్ మార్చి అందరం అదే ఎక్కిస్తాం. మెకానికల్ వాడికీ, ఎలక్ట్రికల్ అమ్మాయికీ ఒకటే రాత. కట్టగా తీసుకెళ్తే కట్టగానే సంతకాలవుతాయి. రికార్డు ప్రకారం నేను మిషన్ షాప్, అసెంబ్లీ, మెయింటెనెన్స్, క్వాలిటీ అన్నీ తిరిగేశాను. నిజంగా తిరిగింది క్వాలిటీ ఆఫీసులో నా కుర్చీ ఒక్కటే. రిజెక్షన్ రిపోర్టులు ఎక్సెల్‌లో ఎక్కించడం, పాత ఫైళ్ళు స్కాన్ చేయడం, ఆడిట్ ముందు బోర్డుల మీద కాగితాలు మార్చడం, ఇదే నా పని. ఎవరైనా ఆపరేటర్ సెలవు పెడితే మాత్రం నేరుగా మిషన్ మీద నిలబెడతారు, టార్గెట్ కూడా చెబుతారు. 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం నేను శిక్షణార్థిని, కార్మికుణ్ణి కాను. అందుకే పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. షిఫ్టు షీటులో చూస్తే నా పేరు కార్మికుల మధ్యలోనే ఉంటుంది.

చిన్న విషయమే కానీ ఇది కూడా వినండి. మా టూల్ క్రిబ్‌లో, అంటే పనిముట్లు ఇచ్చే గదిలో, మైక్రోమీటర్ (సన్నని కొలతలు తీసే సాధనం) తీసుకోవాలంటే మన పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ అక్కడ పెట్టాలి. అప్రెంటిస్‌లకు బిళ్ళలు ఇవ్వరు, ఏడాదికి పోయేవాళ్ళకెందుకని. అంటే కొలవడం నేర్చుకోవడానికి వచ్చినవాడి చేతికి కొలిచే సాధనం రాదు. ఎవరో ఒకరి బిళ్ళ అడుక్కోవాలి.

నాకు తన బిళ్ళ ఇచ్చింది బోరింగ్ మిషన్ (లోహపు భాగంలో రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు కోసే యంత్రం) మీద పనిచేసే ఒక పెద్దాయన. ఒకరోజు ఆయన మిషన్ మీంచి దింపిన హౌసింగ్‌ను (వేరే భాగాలు లోపల కూర్చునే భాగం) ఇన్‌స్పెక్టర్ వేడి మీదే కొలిచి, బోరు, అంటే లోపలి రంధ్రం, సైజు దాటిందని ఎర్ర పెన్సిల్‌తో గీశాడు. పెద్దాయన వాదించలేదు. ఆ జాబ్ (షాప్‌లో తయారయ్యే భాగాన్ని అలాగే అంటాం) పక్కన పెట్టించి, "గింత తొందరెందుకు బిడ్డా, చల్లారినంక చూద్దాం" అని నన్ను టీకి తీసుకెళ్ళాడు. బాగా చల్లారాక కొలిస్తే సరిగ్గా లిమిట్‌లోనే ఉంది. లెక్క తర్వాత నేనే వేసుకున్నాను. 200 మిల్లీమీటర్ల బోరున్న ఉక్కు జాబ్ 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, బోరు సుమారు 46 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పెద్దదిగా చూపిస్తుంది. ఆ సైజుకు హెచ్7 అనే ప్రమాణం ఒప్పుకునే తేడా (టాలరెన్స్) మొత్తమే 46 మైక్రాన్లు! ఉష్ణ వ్యాకోచం మీద కాలేజీలో సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అది ఒక మంచి జాబ్‌ను స్క్రాప్‌లో పడేయగలదని ఆరోజే తెలిసింది. ఈ కంపెనీలో నాకు దొరికిన అసలైన శిక్షణ ఇలాంటిదే. అది ఏ రికార్డులోనూ లేదు. ఆయన కాంట్రాక్టు కార్మికుడు, ట్రైనర్ల జాబితాలో ఆయన పేరు ఉండే అవకాశమే లేదు. జాబితాలో ఉన్నవాళ్ళలో ఒకరి ముఖం నేనింకా చూడలేదు.

30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మంచి నిబంధనే. కానీ లెక్క చూసేవాళ్ళు తలలే లెక్కపెడితే, కంపెనీ కూడా తలలే నింపుతుంది. మా బ్యాచ్ వెళ్ళగానే ఇంకో బ్యాచ్ వచ్చి అదే ఎక్సెల్ ముందు కూర్చుంటుంది.

ఉద్యోగం సంగతి కూడా అంతే. ఇంటికెళ్తే బంధువులు మొదట అడిగేది "పర్మినెంట్ చేశారా" అనే. ఏం చెప్పాలి? అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళను తీసుకునే విషయంలో ప్రతి యజమానీ సొంత విధానం పెట్టుకోవాలని 2014 సవరణ తర్వాత 22వ సెక్షన్‌లో ఉంది. మిగతా అర్హతలు సమానమైతే శిక్షణ పొందినవాళ్ళకు ప్రాధాన్యం ఇవ్వాలని యూపీ రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మా కంపెనీ విధానం చూపించమని హెచ్‌ఆర్‌లో అడిగితే, "అలాంటివి పైన ఉంటాయి" అన్నారు. పైన అంటే ఏ ఫ్లోరో చెప్పలేదు.

అప్రెంటిస్ చట్టం చూసేది మీ శాఖ, నాట్స్ ఉన్నది విద్యాశాఖలో. ఆ శాఖలోనూ మీకు బాధ్యత ఉంది కాబట్టి ఫైలు ఎటు వెళ్ళాలన్న గొడవ ఉండదనుకుంటాను. అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకునే ఆ విధానమేదో మేం ఒప్పందం మీద సంతకం పెట్టకముందే నాట్స్ పోర్టల్‌లో కనిపించేలా చేయండి. గత బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకున్నారో కూడా పక్కనే ఉంటే, ఎక్కడ చేరాలో మేమే తేల్చుకుంటాం. ప్రభుత్వ వాటా విడుదల చేసేముందు కొందరు అప్రెంటిస్‌లకైనా ఫోన్ చేయించండి. ఏ మిషన్ మీద చేశావు, ఏ గేజ్ వాడావు, ఎవరు నేర్పారు అని తెలిసిన మనిషి తెలుగులో రెండు నిమిషాలు అడిగితే చాలు, ఎవరి రికార్డు నమూనానో బయటపడుతుంది. షాప్‌లో నిజంగా నేర్పేవాళ్ళకు, కాంట్రాక్టు వాళ్ళైనా సరే, నెలకు కొంత గౌరవ భత్యం ఇప్పించండి.

తనిఖీకి మనుషుల్ని పంపితే ముందు కబురు పెట్టొద్దు. జనరల్ షిఫ్టులో వస్తే కాన్ఫరెన్స్ రూములో పీపీటీ చూపించి పంపేస్తారు. రాత్రి ఎనిమిదింటికి, రెండో షిఫ్టు నడుస్తుండగా రమ్మనండి.

ఇట్లు,
ఒక గ్రాడ్యుయేట్ అప్రెంటిస్,
సంగారెడ్డి జిల్లా