ఫోను ఎన్నిసార్లు పడితే తట్టుకుంటుందో పెట్టె మీద రాయాలి

సంపాదకుల వారికి,

పెట్టె మీద ‘మిలిటరీ గ్రేడ్’. టెంపర్డ్ గ్లాసు కవరు మీద ‘9హెచ్’. ప్రకటనలో ‘ఐపీ68’. ఈ మూడు మాటలూ చూసి ఫోను కింద పడినా ఏమీ కాదని నమ్మి కొనేవారు చాలామంది. మన ఇళ్లలోని గ్రానైట్ మీదో, తాండూరు బండల మీదో ఆ ఫోను ఎన్నిసార్లు పడి బతుకుతుందో ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పదు.

మిలిటరీ గ్రేడ్ సంగతే చూడండి. దీనికి ఆధారం అమెరికా రక్షణ శాఖ పరీక్షా ప్రమాణం ‘మిల్-ఎస్‌టీడీ-810’. అందులోని 810జి ప్రకారం వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు. 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు కలిపి ఆ 26. పడేది కాంక్రీటు మీద పరిచిన 2 అంగుళాల ప్లైవుడ్ పైన. పైగా ఆ 26 దెబ్బలను ఐదు నమూనాల వరకు పంచుకోవచ్చు. అంటే ఒక్కో ఫోను వంతు ఐదారు దెబ్బలే, అదీ చెక్క మీద. ఆ మాట వాడుకోవడానికి సైన్యం ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. కంపెనీ తానే పరీక్ష చేయించుకుని తానే ప్రకటించుకుంటుంది.

9హెచ్ అనేది పెన్సిల్ లెక్క. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని దాని అర్థం. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు వేరు. ఆ స్కేలు మీద ఫోను గాజు సుమారు 6 దగ్గర ఉంటే ఇసుకలోని క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. అందుకే జేబులో తాళంచెవులతో పాటు తిరిగినా గాజుకు పెద్దగా ఏమీ కాదు గానీ, బీచ్‌కు వెళ్లొచ్చిన జేబులో మిగిలిన నాలుగు ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ఇక గ్లాసుల మీద రాసే 11డి, 21డి అనే అంకెలకు ఏ కొలతా లేదు. అమ్మకం కోసం పెరుగుతూ పోతున్న అంకెలవి.

ఐపీ68 నీటికి, దుమ్ముకు సంబంధించిన రేటింగు. మంచినీటిలో, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంతసేపు అని షరతు. ఫోను ఒకసారి గట్టిగా పడి ఫ్రేము కాస్త వంగినా, అంచు జిగురు ఊడినా ఆ రక్షణ పోయినట్టే లెక్క. గాజు చిట్లిన ఫోనును వానలో తీసేవారు ఇది గమనించాలి.

గాజు ఎందుకు పగులుతుందో తెలిస్తే ఏ కవరు కొనాలో తెలుస్తుంది. ఫోను గాజును సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటకు వచ్చి, వాటి చోట పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పైపొర ఎప్పుడూ నొక్కుకుని ఉంటుంది, లోపలి భాగం లాగుకుని ఉంటుంది. పైపొర నొక్కుకుని ఉన్నంతవరకు చిన్న గీత పగులుగా మారదు. మొనదేలిన కంకర రాయి ఆ పొరను దాటి లోపలికి దిగిందా, లోపలి లాగుడే పగులును అంచు దాకా పరిగెత్తిస్తుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ, చాలా గాజుల్లో అంతకంటే తక్కువే. అందుకే నున్నటి టైల్స్ మీద బతికిపోయిన ఫోను అదే ఎత్తు నుంచి సిమెంటు రోడ్డు మీద పడి ముక్కలవుతుంది. ఫోను గాజు తయారుచేసే కార్నింగ్ కంపెనీ కూడా 2022లో విక్టస్ 2 గాజు తెచ్చినప్పుడు తారు రోడ్డు లాంటి నేలకు 2 మీటర్లు, కాంక్రీటు లాంటి నేలకు 1 మీటరు అని వేర్వేరుగా చెప్పింది. ప్రకటనల్లో మనకు కనిపించేది ఆ రెండు మీటర్లే.

రెండుసార్లు మెట్ల మీద పడినా ఏమీ కాని ఫోను మూడోసారి మంచం మీద నుంచి జారి పగిలితే అందరూ ఆశ్చర్యపోతారు. మొదటి రెండు దెబ్బలకు అంచున కంటికి కనిపించని చిట్లులు పడి ఉంటాయి, మూడో దెబ్బ వాటిని పూర్తి చేస్తుంది. అంచులో గీతలు పడ్డ ఫోనుకు కవరు లేకుండా తిరగడం అందుకే ప్రమాదం.

ఇప్పుడు దెబ్బ సంగతి. 200 గ్రాముల ఫోను 1 మీటరు ఎత్తు నుంచి జారితే నేలను తాకేసరికి వేగం గంటకు దాదాపు 16 కిలోమీటర్లు, శక్తి సుమారు 2 జౌల్స్. శక్తి చిన్నదే. అది ఎంత దూరంలో ఆగిందన్నదే అసలు లెక్క. 1 మిల్లీమీటరులో ఆగితే ఫోను మీద దాని బరువుకు సగటున వెయ్యి రెట్ల బలం పడుతుంది. మూలన ఉన్న మెత్తటి పదార్థం అణిగి 3 మిల్లీమీటర్లలో ఆగితే అది మూడో వంతుకు తగ్గుతుంది. పౌచ్ చేసే పని మొత్తం ఇంతే. కాబట్టి అణగని గట్టి ప్లాస్టిక్ పౌచ్ చూడముచ్చటగా ఉన్నా దెబ్బను నేరుగా ఫోనుకు అందిస్తుంది. లోపల టీపీయూ అనే రబ్బరు లాంటి మెత్తటి ప్లాస్టిక్, వెనక పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ ఉన్నది మేలు. మూలల్లో గాలి గదులున్నది ఇంకా మేలు. ఎక్కువగా ముందు తగిలేది మూలే, పైగా అక్కడ తాకే చోటు గోరంతే కాబట్టి బలమంతా ఒక్కచోటే పడుతుంది.

పౌచ్ కొనేటప్పుడు కొట్టులోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. టెంపర్డ్ గ్లాసు వేసిన ఫోనుకు పౌచ్ తొడిగి, నున్నటి గాజు కౌంటరు మీద తెర కిందికి ఉండేలా బోర్లా పెట్టండి. పౌచ్ అంచుల ఎత్తు సరిపోతే తెరకూ కౌంటరుకూ మధ్య సందు ఉండాలి. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. పక్క బటన్ల దగ్గరో, ఛార్జింగ్ రంధ్రం దగ్గరో అంచు తగ్గిన చోట ఆ కార్డు కొసను దూర్చి సందు ఎంతుందో చూసుకోవచ్చు. సాధారణ టెంపర్డ్ గ్లాసు మందం 0.33 మిల్లీమీటర్లు కాబట్టి అంచు 1 మిల్లీమీటరు ఎత్తున్న పౌచ్‌లో మిగిలేది 0.67 మాత్రమే, అందులో కార్డు దూరదు. వెల్లకిలా పెట్టి కెమెరా వైపు కూడా ఇలాగే చూడాలి. కెమెరా గాజు నేలకు తగిలే పౌచ్ ఎంత చవకైనా వద్దు. పసుపెక్కిన పాత పౌచ్‌ను రంగు చూసి కాక బిగువు చూసి మార్చాలి. మూల దగ్గర వేలితో లాగితే తేలిగ్గా ఊడి వస్తోందంటే, కింద పడగానే ఫోను ఒకవైపు, పౌచ్ ఒకవైపు అవుతాయి.

టెంపర్డ్ గ్లాసు మీద మాత్రం జనానికి నమ్మకం కాస్త ఎక్కువే. గీతల్ని, కంకర మొనల్ని అది బాగానే ఆపుతుంది. మూల మీద పడిన దెబ్బ ఫ్రేము గుండా తెరకు చేరుతుంది, దాన్ని ఆపడం దాని వల్ల కాదు. అంచుల్లోనే జిగురున్న గ్లాసు కంటే మొత్తం జిగురున్నది తీసుకోండి. మొదటి రకంలో మధ్యన ఖాళీ ఉండి టచ్ మొరాయిస్తుంది. మూల చిట్లిన గ్లాసును వెంటనే మార్చాలి. వంపు తెరల ఫోన్లకు ద్రవం పోసి యూవీ లైటుతో గట్టిపరిచే గ్లాసు వేస్తారు కదా, అది వద్దనే చెబుతాం. గట్టిపడకముందే ఆ ద్రవం ఇయర్‌పీస్ జాలీలోకి, వాల్యూమ్ బటన్ సందులోకి పాకుతుంది. మాట వినపడదు, బటన్ బిగుసుకుపోతుంది, అప్పుడు తెర బాగున్నా ఫోను విప్పాల్సి వస్తుంది. అలాంటి ఫోన్లకు పలుచని టీపీయూ ఫిల్మ్ చాలు. చేతిలోంచి తరచూ జారేవారు అసలు వంపు తెర ఫోనే కొనకపోవడం ఉత్తమం. మడత ఫోన్లయితే లోపలి తెర మీద కంపెనీ వేసిన పొరను గ్లాసు అనుకుని పీకకండి, అది తెరలో భాగం.

వీటన్నిటికంటే చవకైన రక్షణ మణికట్టుకు తగిలించుకునే తాడు. దాన్ని కట్టే చిన్న రేకు ముక్క పౌచ్‌కూ ఫోనుకూ మధ్య, ఛార్జింగ్ రంధ్రం దగ్గర కూర్చుంటుంది. చొక్కా పైజేబులో ఫోను పెట్టుకుని పంపు దగ్గర వంగేవారు, హెల్మెట్‌కూ చెవికీ మధ్య ఫోను దోపుకుని బండి నడిపేవారు (ఇది ఫోనుకే కాదు, ప్రాణానికే ముప్పు) తమ ఫోను ఎలా పోతుందో ముందే రాసిపెట్టుకోవచ్చు. బైకు హ్యాండిల్‌కు ఫోను బిగించుకునే డెలివరీ కుర్రాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కింద పడకపోయినా కెమెరా చెడిపోవచ్చు. ఫొటో కదలకుండా లెన్సును పట్టి ఉంచే ఏర్పాటు ఇంజిన్ అదురుకు దెబ్బతింటుందని 2021 సెప్టెంబరులో యాపిల్ సంస్థే హెచ్చరించింది. అదురును మింగే రబ్బరు మౌంటు తప్పనిసరి.

పడి పగిలిన వెంటనే ఏం చేయాలి? వెడల్పాటి పారదర్శక ప్యాకింగ్ టేపు తెర మొత్తం మీద అంటించండి. గాజు పెచ్చులు వేలికి గుచ్చుకోవు, పగులు వెంటనే విస్తరించదు. టచ్ పనిచేస్తున్నప్పుడే ఫొటోలు, వాట్సాప్, కాంటాక్ట్‌లు బ్యాకప్ చేసుకోండి. అమోలెడ్ (ప్రతి చుక్కా తానే వెలిగే రకం) తెరలో చిన్న నల్లమచ్చగా మొదలైనది సిరా ఒలికినట్టు పాకిపోతుంది, రేపు చూద్దామంటే రేపటికి తెరే ఉండదు. బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రం పోయిందా, ఓటీజీ అడాప్టర్‌తో మామూలు యూఎస్‌బీ మౌస్ తగిలించి పని కానివ్వవచ్చు. తెర దానంతటదే నొక్కుకుపోతుంటే ఫోను ఆపేయండి. తప్పుడు పిన్‌లు కొట్టి లాక్ అయిపోతుంది, ఎవరికో కాల్ కూడా వెళుతుంది. వెనక ప్యానెల్ ఉబ్బినా, తియ్యటి రసాయన వాసన వచ్చినా, వేడెక్కినా ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి సరిచేయొద్దు. బ్యాటరీ నలిగిందని అర్థం.

మరమ్మతు దగ్గర ఎక్కువ మోసపోయేది తెలియక. డిస్‌ప్లే మార్పించేటప్పుడు ‘కాంబో’ (తెర, టచ్, పైగాజు కలిసి వచ్చే భాగం) ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి. అమోలెడ్ ఉన్న ఫోనుకు చవక ఎల్‌సీడీ (వెనక లైటుతో వెలిగే రకం) కాపీ వేస్తే తెర లోపలి వేలిముద్ర పనిచేయదు, వెలుతురు తగ్గుతుంది, తెర మందం పెరిగి అంచు పైకి లేస్తుంది. పైగాజు మాత్రమే పగిలి బొమ్మ, టచ్ బాగుంటే ఓసీఏ (పారదర్శక జిగురు షీటు) పద్ధతిలో గాజు ఒక్కటే మార్చవచ్చు. వేడి పలక మీద పెట్టి, సన్నటి తీగతో పాత గాజును కోసి, జిగురు తుడిచి, ఓసీఏ షీటుతో కొత్తది అతికించి, గాలి బుడగలు పోయేలా ఒత్తిడి యంత్రంలో పెడతారు. కోసేటప్పుడు తెర పోతే నష్టం ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, పాత తెర తీశాక ఫ్రేము వంగిందేమో చూడమని అడగండి. గాజు పలక మీద పెడితే ఊగుతుందో లేదో తెలిసిపోతుంది. వంగిన ఫ్రేములో, లేదా పాత గాజు పెచ్చులు మిగిలిన గూడులో కొత్త తెర కూర్చోబెడితే అది కింద పడకుండానే వారం రోజుల్లో చిట్లుతుంది. అప్పుడు కొట్టువారు మీరే పడేశారంటారు. అతికించే బీ-7000, టీ-7000 జిగుర్లు పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కొన్ని గంటలైనా క్లిప్పులో ఉంచకుండా పావుగంటలో చేతికిచ్చిన ఫోను అంచు లేవక మానదు. కొట్టులోంచి బయటకు వచ్చే ముందు ఒక కాల్ చేసి చెవి దగ్గర పెడితే తెర ఆరుతోందా, ఎండలోకి వస్తే వెలుతురు పెరుగుతోందా, తెల్లటి బొమ్మ మీద మచ్చలున్నాయా చూసుకోండి. పాత తెర తిరిగి అడగండి.

ఇదంతా వినియోగదారు పడే పాట్లు. ప్రభుత్వం చేయాల్సింది ఒకటుంది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్ముడయ్యే ప్రతి కొత్త మోడల్‌కూ ఒక లేబుల్ తప్పనిసరి అయింది. మన ఫ్రిజ్‌ల మీద నక్షత్రాల్లాగే అందులో ఫోను పడితే ఎంత తట్టుకుంటుందో ‘A’ నుంచి ‘E’ వరకు శ్రేణి ఇస్తారు. పౌచ్, గ్లాసు లేకుండా, 1 మీటరు ఎత్తు నుంచి పదేపదే పడేసి చూస్తారు. మామూలు ఫోను కనీసం 45 సార్లు తట్టుకోవాలి, 270 సార్లు తట్టుకుంటే అన్నిటికంటే మేలైన ‘A’ శ్రేణి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025 మేలో మరమ్మతు సూచీ మీద నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, మరమ్మతు సమాచారం ఇస్తున్నారా, పనిముట్లు, మరలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు ఎలా ఉన్నాయన్నవి అందులోని కొలమానాలు. మంచివే. పడితే తట్టుకునే శక్తి వాటిలో లేదు. ఆ సూచీ పక్కనే ‘1 మీటరు నుంచి ఇన్నిసార్లు’ అని ఒక్క అంకె చేర్చాలి. ఐరోపాలో అమ్మే మోడళ్లకు ఆ పరీక్ష ఎలాగూ చేస్తున్నారు కాబట్టి కంపెనీలకు కొత్త ఖర్చు పెద్దగా ఉండదు.

దానితో పాటు కొనే రోజునే అసలైన డిస్‌ప్లే మార్పిడి ధర పెట్టె మీద ఉండాలి. మామూలు వారంటీలో పగిలిన తెర రాదు. స్క్రీన్ రక్షణ ప్లానులు కొన్న కొద్దిరోజుల్లోనే తీసుకోవాలి, ఎన్నిసార్లు వర్తిస్తాయో, ప్రతిసారీ మన వాటా ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ధర తెలిస్తేనే ప్లాను లాభమో నష్టమో లెక్కవేయగలం. 2022 డిసెంబరులో కేంద్రం తెరిచిన ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్‌లో చేరిన కంపెనీలు మోడల్ వారీగా ఆ ధరలను అక్కడ ఉంచినా చాలు. ఈలోపు ‘మిలిటరీ గ్రేడ్’ అని నమ్మించి అమ్మారని అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు రుసుము కూడా లేదు. బిల్లు, ప్రకటన ఫొటో, పగిలిన ఫోను పారేయకుండా దగ్గర పెట్టుకోండి.

ఇట్లు,
మొబైల్ మరమ్మతు పనివారు కొందరు,
గుంటూరు