పద్నాలుగో ఫోన్ చేసిన ఆవిడకి

అందరికీ నమస్కారం. మా తమ్ముడు మొన్న శనివారం ఇంటికొచ్చాడు. మేముండేది మసాచుసెట్స్‌లో, వూస్టర్ దగ్గర. వాడికి వెన్ను ఆపరేషన్ అయిందని చాలామందికి చెప్పాను. అది అబద్ధం, క్షమించండి. ఆపరేషన్ నాలుగేళ్ల కిందటిది. అప్పుడిచ్చిన నొప్పి మాత్రలు అలవాటై, అవి దొరకని రోజున సూదితో మత్తుమందు ఎక్కించుకునే దాకా వెళ్లాడు. ఈసారి ఆస్పత్రిలో చేరింది గుండె కవాటానికి పట్టిన ఇన్ఫెక్షన్‌తో. ఇదంతా వాడు రాయమంటేనే రాస్తున్నాను.

ఆరు వారాలు నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించాలన్నారు. వేరేవాళ్లయితే చేతికి పిక్ లైన్ (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) ఉంచి ఇంటికి పంపేస్తారట. సూది అలవాటున్నవాడు కాబట్టి ఇల్లు వద్దు, నర్సింగ్ హోమ్‌కి పంపుతామన్నారు. (నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లోలా చిన్న ఆస్పత్రి కాదు. డిశ్చార్జి అయ్యాక కోలుకునేదాకా నర్సులు చూసుకునే చోటు.)

అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. ఆస్పత్రిలోనే వాడికి మెథడోన్ మొదలుపెట్టారు. మత్తు మీదికి మనసు పోకుండా మనిషిని నిలబెట్టే మందు అది. ఫైల్లో ఆ పేరు చూడగానే ఒకరు బెడ్ లేదన్నారు. ఇంకొకరు ముప్పై రెండేళ్లవాడికి పెద్దవాళ్ల మధ్య ఏం పని అన్నారు. ఒకరైతే ఆ మందు మానేసి రమ్మన్నారు! మానేస్తే మళ్లీ మొదటికొస్తాడని వాళ్లకి తెలియదా? చిక్కు లేదని అనను. ఈ అలవాటుకిచ్చే మెథడోన్ మందుల షాపులో ఇవ్వరు, లైసెన్సున్న క్లినిక్ నుంచే రావాలి. ఇదే పనికిచ్చే ఇంకో మందు బ్యుప్రెనార్ఫిన్‌కి ఆ బాధ లేదు గానీ, మావాడికి అది పడలేదు.

పదమూడు చోట్ల కాదన్నాక, డిశ్చార్జి ఏర్పాట్లు చూసే ఆస్పత్రి కేస్ మేనేజర్ గారు పద్నాలుగో చోటికి నా ముందే ఫోన్ చేశారు. డాక్టరు రాసిచ్చిన మందు వాడుతున్నాడని రోగిని చేర్చుకోకపోవడం వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని 2022 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ స్పష్టం చేసిన కాగితం చదివి వినిపించారు. ఈ రాష్ట్రంలోనే 2018 నుంచి ఇలా కాదన్న నర్సింగ్ హోమ్‌లతో ఫెడరల్ లాయర్లు ఒప్పందాలు రాయించుకుంటున్నారని కూడా చెప్పారు. గొంతు పెంచలేదు. మేడమ్, ఆ పది నిమిషాలు మేం మర్చిపోలేం.

అలా చేర్చుకున్న ఆ పద్నాలుగో చోట హెడ్ నర్సు గారికి కూడా కృతజ్ఞతలు. "మేమిది ఎప్పుడూ చేయలేదు, నేర్చుకుంటాం" అన్నారు. క్లినిక్‌తో మాట్లాడి, వారానికి సరిపడా డోసులు తాళం వేసిన పెట్టెలో తెప్పించే ఏర్పాటు చేశారు. అది కుదిరేదాకా తొమ్మిది రోజులు తెల్లవారుజామున ఐదున్నరకే వాణ్ణి కారులో క్లినిక్‌కి తీసుకెళ్లిన అన్నయ్యా, అది ఏ క్లినిక్కో బోర్డు చూసే ఉంటారు. ఒక్క మాట అడగలేదు. వచ్చేటప్పుడు కాఫీ కూడా కొనిచ్చేవారట.

వదినా, మీరు పప్పు, చారు పంపిన స్టీలు డబ్బాలు మూడు మా దగ్గరే ఉండిపోయాయి. ఆదివారం వాడే తెచ్చిస్తానంటున్నాడు.