ఫసలీ 1328

అరేయ్ రాజుగా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, కోపం చేసుకోకు. బాపుకు షుగర్ తగ్గింది, చిన్నోడు టెన్త్‌కు వచ్చాడు, అంతా మంచిదే. అవి వదిలెయ్, ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

దసరాకు ఊరికి పోయి అటక మీది సందూక దించాం (నువ్వు దాక్కున్నదే, మీ అక్క అరుపు ఇంకా వినబడుతుంది!). అడుగున ఒక ఉర్దూ కాగితం. తెలిసిన సారు చదివి, భూమి పేరు మార్చిన కాగితం అన్నారు. తాత వాళ్ల నాయన, ఆయన తమ్ముడు ఇద్దరూ పోయారు కాబట్టి భూమి నాలుగేళ్ల తాత పేరు మీదికి. తేదీ ఫసలీ 1328, ఫసలీ అంటే నిజాం కాలంలో భూమి లెక్కలకు వాడిన ఏడాది. దానికి 590 కలిపి చూడు, 1918 అక్టోబర్ నుంచి మొదలయ్యే ఏడాది!

నాయనమ్మ "గత్తరల పోయిండ్రు" అనేది, నువ్వూ విన్నావు. మనం కలరా అనుకున్నాం. కానీ "జరం, దగ్గు, మూడొద్దులకే మొఖం నీలమైందట" అని కూడా అనేది కదరా. కలరాకు దగ్గెక్కడిది? అది స్పానిష్ ఫ్లూనే అయి ఉండాలి.

అప్పట్నుంచి దాని గురించే చదువుతున్నా. 1918 జూన్‌లో బొంబాయి రేవు దగ్గర మొదలైంది, అప్పుడు అంత భయపెట్టలేదు. సెప్టెంబర్‌లో మళ్లీ వచ్చినప్పుడే ప్రాణాలు తీసింది, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చే సిపాయిలతో, రైళ్లతో ఊరూరికీ పోయింది. మన కాజీపేట మీదుగా అప్పటికే బెజవాడ దాకా రైలుంది, చూడు. పైగా ఆ ఏడు వానల్లేవు, తిండి లేని ఒళ్లు ఎంత తట్టుకుంటుంది? దేశంలో 1.2 కోట్ల నుంచి 2 కోట్ల మంది పోయారని లెక్కలు. 1921 జనాభా లెక్కల్లో 1911 కంటే జనం తగ్గారు, మన దేశంలో ఇంకెప్పుడూ అట్లా కాలేదట. అది కూడా ముసలివాళ్లను కాదు, 20 నుంచి 40 లోపు వాళ్లను ఎక్కువ తీసుకుపోయింది. మా వాళ్లిద్దరిదీ అదే వయసు.

కోపమొచ్చేది ఏంటంటే, యుద్ధం చేసే దేశాలు పేపర్లలో ఈ వార్తను తొక్కిపెట్టాయి. యుద్ధంలో లేని స్పెయిన్ దాచకుండా రాసింది, పేరేమో దానికే అంటుకుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జబ్బు ఊళ్లోకి వచ్చిందని తెలిసి కూడా సెప్టెంబర్ 28న 2 లక్షల మందితో ఊరేగింపు చేశారు, వారం తిరక్కుండా ఆసుపత్రులు నిండిపోయాయి. అదే దేశంలో సెయింట్ లూయిస్ అనే ఊళ్లో బడులు, సినిమా హాళ్లు ముందే మూశారు, అక్కడ చావులు చాలా తక్కువ. 2020లో మనం ఇంట్లో కూర్చుని విసుక్కున్న రోజులు గుర్తొచ్చి...

ఇంకోటి. ఆ తమ్ముడి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదురా. కాగితంలోనే చూశాం, ఐలయ్య. బాపు ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు అట్లనే కూర్చున్నాడు. ముత్తవ్వ ఒక్కతే ఇద్దరికీ గంజి తాపుతూ ఎన్ని రాత్రులు

ఆటో వచ్చింది, హారన్ కొడుతున్నాడు. ఉంటా మరి.