మసాలా పరిమళాన్ని ఒక్క నిమిషంలో తీసిపారేయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో సెంట్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. మసాలా ఘాటు ఉండే పాతకాలపు ఓరియంటల్ సెంట్లు మన ఎండలకు పనికిరావనీ, వాటిని ఇష్టపడే తరం వెళ్ళిపోయిందనీ అందులో రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఆ కోవకు ఉదాహరణగా పేర్కొన్న 'ఓపియం' పరిమళాన్ని నేను 1986 నుంచి, ఈ నల్లగొండ ఎండల్లోనే వాడుతున్నాను. బడిలో రసాయన శాస్త్రం బోధించి రిటైరైన మనిషిని కాబట్టి, అనుభవంతో పాటు తెలిసిన నాలుగు విషయాలు కూడా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పారిస్‌కు చెందిన ఈవ్ సెయింట్ లారెంట్ సంస్థ ఈ పరిమళాన్ని 1977లో విడుదల చేసింది. జాన్ అమీక్, జాన్ లూయీ సియూజాక్ అనే ఇద్దరు ఫ్రెంచి నిపుణులు దీన్ని కూర్చారు. పూర్వం జపానులో మందులు, ముద్రలు దాచుకుని నడుముకు వేలాడదీసుకునే 'ఇన్రో' అనే చిన్న పెట్టెను మనసులో పెట్టుకుని పియర్ దినాన్ దీని సీసాకు రూపమిచ్చాడు. కువైట్‌లో పనిచేసే మా అన్నయ్య సెలవుపై వస్తూ తెచ్చిన ఆ సీసా లక్కగాజుల ఎరుపులో ఉండేది. మూత తీయగానే మా అమ్మ రెండుసార్లు గట్టిగా పీల్చి, "లవంగాలు దంచినంక రోట్లె వచ్చే వాసనే గదా బిడ్డా, దీనికోసం గంత దూరం పోవాల్నా?" అంది. ఆ పరిమళం గురించి ఇన్నేళ్ళలో నేను విన్న మాటల్లో అంతకంటే సరైనది మరొకటి లేదు.

అమ్మ ముక్కు పసిగట్టిన దానికి రసాయన శాస్త్రంలో పేరుంది. లవంగనూనెలో అధిక భాగం యూజెనాల్ అనే పదార్థమే. పంటి నొప్పికి లవంగం కొరికితే చిగురు మొద్దుబారడానికీ, పళ్ళ డాక్టరు గదిలో వచ్చే ఆ ప్రత్యేకమైన వాసనకూ అదే కారణం. తులసి ఆకులోనూ అది ఉంటుంది. కార్నేషన్ పువ్వు వాసనకూ అదే ఆధారం కాబట్టి, 'ఓపియం' నడిమి భాగంలో యూరప్ వారికి కార్నేషన్ పూలగుత్తి తోస్తే, ఆ పువ్వును చూసి ఎరుగని మా అమ్మకు రోలు గుర్తుకొచ్చింది. ఇద్దరూ చెప్పింది నిజమే.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి ఇదే పరిమళం అడిగితే, అక్కడి అమ్మాయి కాగితం ముక్క మీద చిమ్మి, నా చేతిలో పెట్టి, నిమిషం కాకముందే "ఇది పెద్దవాళ్ళ సెంటు మేడమ్, కొత్తవి చూపిస్తాను" అని మరో ఐదు సీసాలు ముందు పెట్టింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను, కానీ ఈ పరిమళాన్ని చూసే పద్ధతి అది కాదు. మొదటి పది నిమిషాల్లో కమలా పండు తొక్క ఒలిచినట్టు పుల్లటి వాసన ఒకటి పైకి లేచి, ఆ వెంటనే లవంగం, మిరియం ముక్కుకు తగులుతాయి. అందరూ భయపడేది ఆ ఘాటుకే. గంట గడిచాక అది మెత్తబడి మల్లె వైపు తిరుగుతుంది. మూడు నాలుగు గంటలకు బోళం అనే చెట్టు జిగురు, పచౌలీ ఆకు నూనె, వనిల్లా వంటి బరువైన పదార్థాలు మాత్రమే చర్మం మీద మిగులుతాయి. తేలిక అణువులు ముందు ఎగిరిపోయి, బరువైనవి నిదానంగా వదలడమే ఇందులోని రహస్యం. అసలు పరిమళం ఆ చివరి భాగంలోనే ఉంది, కాగితం ముక్క దాన్ని నిమిషంలో చూపించలేదు.

ఆ చివరి భాగం నాకు మా ఇంటి వాసన. తలంటు పోసిన రోజున అమ్మ మట్టి మూకుడులో నిప్పులు వేసి, వాటి మీద చిటికెడు ఊదు చల్లి, గంప బోర్లించి, దాని మీద నా తడి జుట్టు ఆరబెట్టేది. మేము ఊదు అనేదాన్నే కోస్తా వారు సాంబ్రాణి అంటారు. చెట్టు బెరడుకు గాటు పెడితే కారే ఈ జిగురును పరిమళకారులు బెంజోయిన్ అంటారు. ఓరియంటల్ అనే కోవ పరిమళాల అడుగున ఉండే తియ్యటి వెచ్చదనం చాలావరకు ఇలాంటి జిగురుల నుంచి వచ్చేదే. లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గాకు ఎప్పుడైనా వెళ్ళినవారికి ఈ వాసన కొత్తదని నేను నమ్మను.

ఇక ఎండల విషయం. మే నెలలో మా ఊళ్ళో 44 డిగ్రీలు దాటిన రోజున దీన్ని ఒంటినిండా చిమ్ముకుంటే పక్కవారు ఇబ్బంది పడతారు, కాదనను. వేడికి అణువులు త్వరగా పైకి లేస్తాయి కాబట్టి వేసవిలో ఒక్క చుక్క చాలు, అదీ మెడ మీద కాకుండా మోకాలి వెనుక. చలికాలమైతే రెండు మణికట్లకూ రాసుకుంటాను. నా దగ్గర పుట్టపాక నేతగాళ్ళు నేసిన ఒక తేలియా చీర ఉంది. ఆముదం చెట్టు బూడిదలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి నేస్తారు కాబట్టి, ఆ బట్టకు ఎన్ని ఉతుకులైనా పోని సన్నటి నూనె వాసన ఒకటి ఉంటుంది. పెళ్ళికి కట్టుకుని వెళ్ళి వచ్చి, తెల్లారి ఆ చీర మడత పెడుతుంటే, నూనె వాసనలో కలిసిపోయిన బోళం, లవంగం చెంగులోంచి మెల్లగా వస్తాయి. ఒకప్పుడు తేలియా రుమాళ్ళు మన ప్రాంతం నుంచి అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఎగుమతి అయ్యేవి. ఆ దేశాల వైపు నుంచే ఈ సీసా మా ఇంటికి రావడం, రెండూ ఒక మడతలో కలవడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

పేరు మాత్రం నాకు ఏనాడూ నచ్చలేదు. ఓపియం అంటే నల్లమందు. బీహారులో మన రైతుల చేత పండించిన నల్లమందును ఆంగ్లేయులు చైనాకు చేరవేసి, అడ్డుకున్నందుకు 1839లో యుద్ధానికి దిగిన చరిత్ర ఉంది. అమెరికాలో ఈ పరిమళం విడుదలైనప్పుడు అక్కడి చైనా సంతతి వారు పేరు మార్చాలని నిరసన తెలిపారు. వారి బాధ న్యాయమైనదే. ఓరియంటల్ అనే మాటా అంతే. లవంగం ఇండోనేషియాలోని మలుకు దీవుల పంట, బోళం సోమాలియా వైపు దొరికేది, వనిల్లా తీగ పుట్టిల్లు మెక్సికో. పారిస్‌కు పడమర ఉన్న మెక్సికోను కూడా కలిపి తూర్పు అన్నారంటే అది దిక్కు పేరు కాదు, ఎవరో కన్న కల పేరు. ఈ మధ్య చాలామంది ఆ మాట మాని 'అంబర్' అంటున్నారు. మనం తెలుగులో మసాలా పరిమళం అంటే సరిపోతుంది.

ఇప్పుడు వచ్చే సీసాలో పాత కొరుకుడు కొంత తగ్గిందని నా ముక్కుకు తోస్తోంది. యూజెనాల్‌కు దగ్గరి చుట్టమైన ఐసోయూజెనాల్ వంటివి కొందరి చర్మానికి పడవు కాబట్టి పరిశ్రమ వాటి మోతాదుకు హద్దులు పెట్టుకుంది. అది అవసరమే. అయినా 1986 నాటి సీసా అడుగున చెంచాడు ద్రవం ఇంకా దాచుకున్నాను. కమలా పండు వాసన ఎప్పుడో పోయింది, లవంగం, బోళం అలాగే ఉన్నాయి. ఆ వ్యాసం రాసినవారు ఎప్పుడైనా నల్లగొండ వస్తే, ఉదయం ఒక చుక్క మణికట్టుకు రాసుకుని, మా ఇంట్లో భోజనం చేసి, సాయంత్రం మరోసారి వాసన చూసి, ఆ తర్వాత తమ అభిప్రాయాన్ని మీ పత్రికలోనే రాయాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నల్లగొండ.