‘హెజ్’ కాదండీ, ‘హాయ్’

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో డెన్మార్క్ వెళ్లేవాళ్ల కోసం పలకరింపు మాటల పట్టిక వేశారు. మొదటి మాటే ‘హెజ్’ అని ఉంది. ముప్పయ్యేళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించినదాన్ని, ఇక్కడ ఆర్హుస్‌లో మా అబ్బాయి దగ్గర ఇది రెండో శీతాకాలం, చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఆ మాట అచ్చం మనం అనే ‘హాయ్’. చివరి అక్షరం చూడ్డానికి ఇంగ్లిషు జె, పలికితే యకారం. ఆ మాటకొస్తే ఈ ఊరి పేరు కూడా ఇక్కడివాళ్ల నోట ‘ఓహూస్’. రాతను నమ్ముకుంటే డేనిష్ రాదు.

హాయ్ ఒకసారి అంటే పలకరింపు, రెండుసార్లంటే సెలవు. ఇది మీరు వేయలేదు. వచ్చిన కొత్తలో మా అబ్బాయి ఫోన్‌లో ‘హాయ్ హాయ్’ అనగానే ఇంకెవరో మాట్లాడ్డానికి వచ్చారనుకుని, టీ కప్పు పట్టుకుని గుమ్మంలోనే నిలబడేదాన్ని. వాడేమో ఫోన్ పెట్టేసి, లోపలికి రావేంటమ్మా అనేవాడు.

నమస్కారానికి ‘గొడే’, సెలవుకి ‘ఫావెల్’ తప్పు కాదు గానీ కాస్త బిగుసుకున్న మాటలు. ‘మీరు’ లాంటి ‘డీ’ కూడా 1970ల నుంచి తగ్గిపోయింది, ఇప్పుడు రాజకుటుంబంతో మాట్లాడితే తప్ప పెద్దగా వినబడదు. మా మనవరాలు వాళ్ల టీచర్ని పేరు పెట్టి, ‘డు’ అని, అంటే ‘నువ్వు’ అని పిలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, ఒప్పుకుంటున్నాను. ఇక్కడి దక్షిణ జట్లాండ్ ప్రాంతం వాళ్లదింకా సులువు, వచ్చినా వెళ్లినా ‘మొయిన్’ ఒక్కటే.

‘వొడన్ గో డే?’, అంటే ఎలా ఉన్నారు, దుకాణంలో కూడా వాడొచ్చని రాశారు. దయచేసి వాడకండి. నేను వాడాను. కౌంటర్లో అమ్మాయి నాకేమైనా అయిందా అన్నట్టు చూసింది. ఈ ప్రశ్న తెలిసినవాళ్లని అడుగుతారు, అడిగాక జవాబు వింటారు. బస్సు డ్రైవరుకీ కౌంటరు వాళ్లకీ హాయ్ చాలు.

చేయి కలపడం గురించి ఒక్క ముక్కైనా లేదు. విందుకి వెళితే మనమే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చేయి కలిపి పేరు చెప్పుకోవాలి, పిల్లలతో సహా. 2019 నుంచి ఇక్కడి పౌరసత్వం తీసుకునేవాళ్లు మునిసిపాలిటీ వేడుకలో గ్లౌజు లేని చేత్తో చేయి కలపాలని చట్టమే ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు చేయి కలపడం కుదరక ఆ వేడుకలే ఆగిపోయాయట.

ఇక అసలు మాట. మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ డిసెంబరులో నన్ను కాఫీకి పిలిచింది. మూడు వారాల తరవాత సైకిళ్ల షెడ్ దగ్గర కనబడి, అంత చలిలోనూ కుడిచేతి గ్లౌజు ఊడదీసి, నా చేయి పట్టుకుని ‘టాక్ ఫొ సిస్ట్’ అంది. టాక్ అంటే థాంక్స్ అని తెలుసు. కాఫీ పోసింది ఆవిడ, కేకు పెట్టింది ఆవిడ, థాంక్స్ నాకెందుకు? బిక్కమొహం వేసి హాయ్ హాయ్ అనేసి వచ్చేశాను. పోయినసారి కలిసి గడిపినందుకు చెప్పే మాట అదనీ, పిలిచినవాళ్లూ వెళ్లినవాళ్లూ కూడా అనుకుంటారనీ రాత్రి మా అబ్బాయి చెప్పాడు. నేనే ముందు అనాల్సింది! సవరణ వేసేటప్పుడు ఈ మాట తప్పకుండా చేర్చండి. దీనికి జవాబు ఏమిటో కూడా వాడి చేత కాగితం మీద రాయించుకుని, మర్నాడు మెట్ల మీద ఆవిడ కోసం కాచుకుని ‘సెల్వ్ టాక్’ అన్నాను.

ఆవిడ నవ్వి, ‘సెల్’ అని దిద్దింది. చివర వకారం పలకరట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
ఆర్హుస్, డెన్మార్క్